రెండో ఆవిష్కర్త పేరు బాలమణి

మా కాలనీలో చాలా ఏళ్ళపాటు నన్ను చూస్తే జనం పక్కకు తప్పుకునేవారు. గేటు మీద నా పేరు కింద 'పేటెంట్ ఏజెంట్' అని బోర్డు రాయించడమే నేను చేసిన పొరపాటు. ఏజెంట్ అన్న మాట చూసి, ఏదో ఒక పాలసీ అంటగడతానని వాళ్ళ భయం. ఎదురింటి పద్మావతిగారు ఒకరోజు ధైర్యం చేసి అడిగారు కూడా, పిల్లల చదువులకి మీ దగ్గర మంచి స్కీము ఏముందండీ అని. లేదండీ, నేను మందుల పేటెంట్లు రాస్తాను అన్నాను. ఆవిడ మొహంలో జాలి కనిపించింది.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఎం.ఫార్మసీ, బయోటెక్నాలజీ చదివిన పిల్లలు ఉప్పల్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. మేడం, ఈ లైను ఎలా ఉంటుంది, ఏజెంటు పరీక్షకు ఏం చదవాలి అని అడుగుతున్నారు. పరీక్షకు చట్టం చదవండి, అది నాకంటే పుస్తకాలే బాగా చెబుతాయి. పని ఎలా ఉంటుందో మాత్రం పుస్తకాల్లో లేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటే ఒక మాట. ఈ ఉద్యోగం నాకు చెప్పలేనంత సంతోషాన్ని ఇచ్చింది. ఎవరైనా కొత్తదాన్ని కనిపెట్టిన వారంలోనే వాళ్ళ ఎదురుగా కూర్చుని, 'ఎలా తట్టింది' అని అడిగే హక్కు ఇంకే ఉద్యోగంలో ఉంది? ఇంట్లో భార్య కూడా వినని మాటలు మనకు చెబుతారు. వింటున్నందుకు మనకు జీతం.

నరహరి సార్ క్యాంటీన్

నాది తెనాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చి, నాచారం పారిశ్రామిక వాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో పదేళ్ళు క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేశాను. ఆ ఫ్యాక్టరీ మూతపడితే, హబ్సిగూడలో మెడికల్ షాపు పైన మూడు గదుల్లో నడిచే ఒక పేటెంట్ ఆఫీసులో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. పేటెంట్ అంటే ఏమిటో నాకూ సరిగా తెలియదు. ఇంగ్లీషు బాగా రాస్తానని తీసుకున్నారు.

ఆఫీసు యజమాని నరహరి సార్. జనగామ వైపు మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ తెల్ల చొక్కాతో ఉండేవారు. ఆయనకు కోపం ఎక్కువ, కానీ మధ్యాహ్నం భోజనం దాకానే. అందుకని మా తప్పులన్నీ దాచి పెట్టుకుని భోజనం అయ్యాక చెప్పేవాళ్ళం.

కంపెనీ వాళ్ళు కొత్త ప్రక్రియ తాలూకు కాగితాలన్నీ ఫైలు కట్టి పంపిస్తే, అవి చూసి పేటెంటు వివరణ రాసెయ్యడం ఊళ్ళో మిగతా ఆఫీసుల పద్ధతి. నరహరి సార్ అలా ఒప్పుకునేవారు కాదు. ఫ్యాక్టరీకి పోయేవారు. మేనేజరు గదిలో కాదు, క్యాంటీన్‌లో కూర్చునేవారు. రెండు సమోసాలు, ఒక చాయ్. అటు పోయేవాళ్ళనూ ఇటు వచ్చేవాళ్ళనూ పలకరిస్తూ గంట గడిపేవారు. నాకు మొదట్లో ఇది సోమరితనంలా కనిపించింది.

"శారదమ్మా, ఫైల్ల ఉన్నది ఆఫీసరు రాసింది. పని జేసినోడు రాయడు. ఆయినెకు రాసుడు రాదు, టైమ్ గూడ ఉండదు. గందుకే మనం పోయి అడగాలె," అనేవారు.

సమోసా తింటూ విన్నాను. చెవికెక్కడానికి మూడేళ్ళు పట్టింది.

ఏ పేజీలో

ఆ మూడేళ్ళలో నేను చేసిన తప్పు ఇది. ఎవరికీ చెప్పుకోలేదు, ఇక్కడే చెబుతున్నాను.

మల్లాపూర్ వైపు ఒక కంపెనీ. దగ్గు మందు తయారీకి కొత్త పద్ధతి కనిపెట్టారు. ఆవిష్కర్తల పేర్లు కంపెనీ వాళ్ళే టైపు చేసి పంపించారు. యజమాని, యజమాని కొడుకు, జనరల్ మేనేజరు. కొడుకు బీకాం చదివాడని నాకు తెలుసు. తెలిసీ అడగలేదు. పంపిన పేర్లు పంపినట్టే ఎక్కించాను. ఫైలు వేగంగా ముగించినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

కాగితాలు దాఖలయ్యాక ఒక ప్రతి ఇవ్వడానికి ఆ కంపెనీకి వెళ్ళాను. ల్యాబ్ కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె మెట్ల దగ్గర ఎదురొచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ఆ ప్రయోగాలన్నీ చేసింది తనేనని చెప్పింది. కళ్ళు మెరుస్తున్నాయి. "మేడం, నా పేరు ఏ పేజీలో ఉంది?" అని అడిగింది.

లేదు అని చెప్పి ఉండాల్సింది. నేనేం చేశానో తెలుసా, పేజీలు తిప్పాను. ఎక్కడో ఉన్నట్టు, నాకే కనపడనట్టు, మొదటి నుంచి చివరి దాకా తిప్పాను. ఆ అమ్మాయి రెండో పేజీ దగ్గరే అర్థం చేసుకుంది. అయినా నేను చివరి పేజీ దాకా తిప్పేదాకా మర్యాదగా నిలబడింది. తర్వాత "సరే మేడం" అని మెట్లెక్కి పోయింది. ఆవిష్కర్త ఎవరన్నది యజమాని ఇచ్చే బహుమతి కాదనీ, ఆలోచన ఎవరిదైతే పేరు వాళ్ళదేననీ చట్టంలో ఉంది. నేను దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాను, అంతే.

అప్పటి నుంచి ఏ కంపెనీకి వెళ్ళినా నేను మొదట అడిగే ప్రశ్న మారింది. ఇందులో ఇంకా ఎవరి చెయ్యి ఉంది? ఈ ఒక్క ప్రశ్న వల్ల నాకు ఇద్దరు క్లయింట్లు పోయారు. పోనివ్వండి.

బంకలా మారిన స్ఫటికాలు

రెండు వేల ఐదులో చట్టం మారింది. అంతకుముందు మన దేశంలో మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు, మందుకు లేదు. మారాక మందుకూ ఇవ్వడం మొదలైంది. నాచారంలో చిన్న ఫ్యాక్టరీల వాళ్ళంతా హడలిపోయారు, పెద్ద కంపెనీలు వచ్చి మా గేట్లకు తాళాలేస్తాయని. తమకంటూ ఒక్క పేటెంటైనా ఉంటే నిలబడతామని ఆశ. అలా ఆశపడినవాళ్ళలో మధుసూదన్ గారు ఒకరు. వరంగల్ నుంచి వచ్చి, చిన్న షెడ్డుతో మొదలుపెట్టి, రెండు బ్లాకుల ఫ్యాక్టరీ కట్టుకున్న మనిషి.

ఆయన దగ్గర కిరణ్ అని ఒక కెమిస్టు ఉండేవాడు. ఏలూరు కుర్రాడు, పీహెచ్‌డీ అయిన వెంటనే చేరాడు. రక్తపోటు మందు ఒకదాన్ని మూడుసార్లు కడిగితే తప్ప శుద్ధి కాని చోట, కింద ప్లాంటులో ఒక్కసారి చల్లార్చి తెల్లటి స్ఫటికాలు తీశాడు. కడిగే ద్రావకం మిగిలేది, మురికి నీరు తగ్గేది. నిజంగా మంచి పని. చట్టం మారిన రెండేళ్ళకు మేం దానికి తాత్కాలిక వివరణ దాఖలు చేశాం. అది ఒక రకంగా జాగా పట్టుకోవడం. పన్నెండు నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వాలి. ఇవ్వకపోతే పట్టుకున్న జాగా పోతుంది. సరుకు అప్పటికి బయటికి అమ్మలేదు, వారానికో ట్రయల్ బ్యాచ్ మాత్రం తీసేవారు.

పదకొండో నెలలో కిరణ్ ఫోన్ చేశాడు. పూర్తి వివరణలో పెట్టడానికి ల్యాబ్‌లోనూ మూడు ప్రయోగాలు చేసి చూపించమని నేనే అడిగాను. మూడూ పాడయ్యాయి. స్ఫటికాలు రావాల్సిన చోట పసుపుపచ్చ బంక వచ్చింది. ఇంకా ఐదుసార్లు చేశాడు, ఐదుసార్లూ బంకే. కింద ప్లాంటులో మాత్రం మందు కాచి చల్లార్చే పెద్ద రియాక్టర్‌లో బంగారంలాంటి స్ఫటికాలు వస్తూనే ఉన్నాయి.

"నేను అబద్ధం రాయలేదు మేడం," అన్నాడు. నమ్మాను. కానీ పేటెంట్ అంటే, చదివినవాడు చేసి చూస్తే జరిగి తీరాలి. జరగని దాన్ని రాసి ఇస్తే, రేపు ఏ పెద్ద కంపెనీ వాడైనా చేసి చూపించి కొట్టేయిస్తాడు. కిరణ్ పరువూ పోతుంది, మధుసూదన్ గారి ఆశా పోతుంది. చేతిలో ఇరవై రోజులున్నాయి.

నేను బ్యాచ్ రిజిస్టర్లు తెప్పించుకుని కిరణ్ గదిలో కూర్చున్నాను. తాత్కాలిక వివరణ వేసిన నాటి నుంచి నలభై ఏడు బ్యాచ్‌లు. నాలుగే పాడయ్యాయి. ఆ నాలుగింటికీ కారణాలు రాసి ఉన్నాయి. కరెంటు పోయింది, నీళ్ళు సరిగా చల్లబడలేదు, అలాంటివి. నేను కారణాలు వదిలేసి తేదీలు చూశాను. రెండు బ్యాచ్‌లు బతుకమ్మ రోజుల్లోవి. ఒకటి ఉగాది మర్నాటిది. ఇంకొకటి మామూలు బుధవారం. హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూస్తే, ఆ నాలుగు రోజులూ డ్యూటీలో లేని మనిషి ఒక్కరే. చల్లార్చే రియాక్టర్ దగ్గర పగటి షిఫ్టులో ఉండే కాంట్రాక్టు కూలీ, బాలమణి.

నేను రిజిస్టరు మూసి క్యాంటీన్‌కు పోయాను. సమోసాలు చెప్పాను.

స్టీలు డబ్బా

బాలమణికి అప్పుడు నలభై లోపే. భువనగిరి దగ్గర ఊరు, మేడిపల్లిలో కాపురం. పదకొండేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలోనే పని, కానీ జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. ఫ్యాక్టరీ లెక్కలో ఆమె ఒక గేటు పాసు నంబరు. నేను పక్కన కూర్చుంటే టిఫిను మూత సగం మూసింది.

"ఏం జేస్తరు మేడం మీరు?" అని అడిగింది.

"కిరణ్ సార్ కనిపెట్టినదాన్ని గవర్నమెంటుకు రాసి పంపిస్తాను."

"పంపుండ్రి. మంచోడు సారు. మొన్నటిసంది అన్నం తింటలేడు, ఏమైంది?"

చెప్పాను. పైన ల్యాబ్‌లో బంక వస్తోందని, ఎందుకో తెలియడం లేదని. ఆమె ఇటు చూడకుండా అన్నం కలుపుతూ ఉంది. కలిపిన అన్నమే మళ్ళీ కలిపింది. అప్పుడు నాకు తెలిసిపోయింది, ఈమెకు తెలుసని.

"నువ్వు లేని రోజే బ్యాచ్ పాడవుతోంది బాలమణీ," అన్నాను మెల్లిగా.

ఆమె టిఫిను మూత పూర్తిగా మూసింది. చివరికి, "జెప్తే నా నౌకరి పోతది మేడం," అంది.

పోదు అని మాటివ్వడానికి నేనెవరిని? ఇవ్వలేదు. ఆ మాటే చెప్పాను కూడా. అదే ఆమెకు నచ్చిందని తర్వాత ఎప్పుడో అంది. అప్పటికి మాత్రం టిఫిను కట్టేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు కిరణ్‌నే తీసుకుపోయాను. అతను రియాక్టర్ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. రెండు రోజుల గడ్డం.

"అక్కా, నేను నిన్ను ఎవరికీ పట్టివ్వను. నాకు అర్థం కాక పిచ్చెక్కుతోంది, అందుకే అడుగుతున్నాను," అన్నాడు.

బాలమణి అటూ ఇటూ చూసింది. పైపుల వెనకాల చెయ్యిపెట్టి చిన్న స్టీలు డబ్బా తీసింది. మూత తీస్తే అందులో తెల్లటి స్ఫటికాలు, నాలుగైదు చెంచాలుంటాయి.

"కిందటి బ్యాచ్‌ది. రెండు చెంచాలు కొత్త దాంట్ల ఏస్త. పాలు తోడుకోకుంటే ఏం జేస్తం సారూ? నిన్నటి పెరుగు జరంత ఏస్తం గదా. గట్లనే."

కిరణ్ ఆ డబ్బా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"మొట్టమొదట్ల, గవర్నమెంటుకు కాగితం పంపకముందు, మీ బ్యాచ్ రెండుసార్లు బంకైంది, యాదికుందా? మీరు నెత్తి పట్టుకొని కూసున్రు. నాకు పానం మంచిగనిపించలే. మూడోసారి గోడకు అంటిన తెల్ల పొడి గీకి ఏసిన. అయింది. గప్పటిసంది ఏస్తున్న."

ఆ పని నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. ఒక బ్యాచ్ అయ్యాక రియాక్టర్ కడిగి, పాతదాని చుక్క కూడా కొత్తదాంట్లో కలవకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దానికి ఎదురుగా నిలబడే ఏడాదిగా ఆమె డబ్బాలోంచి రెండు చెంచాలు వేస్తోంది. దొరికితే ఆ రోజే గేటు బయట. తనకు పైసా లాభం లేదు. కెమిస్టు నెత్తి పట్టుకుని కూర్చున్నాడని చేసింది.

చదువుకున్నవాళ్ళకు ఒక మాట చెప్పాలి. పాత స్ఫటికాలు వేసి కొత్తవి రప్పించడం కెమిస్ట్రీలో కొత్తేం కాదు, డిగ్రీ పిల్లలకూ తెలుసు. కిరణ్‌కూ తెలుసు. ల్యాబ్‌లో తనూ వేసి చూశాడు మొదట్లో, పనిచేయలేదు. అందుకే వదిలేశాడు. మరి బాలమణి వేస్తే ఎలా పనిచేసింది?

"ఎప్పుడు వేస్తావు?" అని అడిగాను.

"ఎప్పుడంటే... సూస్త. గా పైపు మీద చెయ్యి పెడితే కాలొద్దు, సల్లగ గూడ గావొద్దు. గప్పుడు."

ఆ రోజు బ్యాచ్‌కు కిరణ్ థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాడు. బాలమణి పైపు మీద అరచేయి వేసి, తీసి, మళ్ళీ వేసి, "ఇగ," అంది. నలభై రెండు డిగ్రీలు. తర్వాతి బ్యాచ్‌కు నలభై ఒకటి. ఆ తర్వాత ల్యాబ్‌లో కిరణ్ అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా వేసి చూశాడు. నలభై ఐదు దగ్గర వేస్తే వేసినవి కరిగిపోతున్నాయి. ముప్ఫై ఎనిమిది దగ్గర వేసేసరికి అప్పటికే బంక మొదలవుతోంది. మధ్యలో ఆ సన్నటి సందు ఒకటుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఏ కెమిస్టూ ఊహించలేదు. అసలు ఆవిష్కరణ అదే. ఆమె అరచేతికి తెలుసు.

ల్యాబ్‌లో గాజు కుప్పెలో మొదటిసారి మబ్బు పట్టినట్టయి, కళ్ళ ముందే తెల్లగా స్ఫటికాలు రాలడం మొదలైనప్పుడు కిరణ్ కుర్చీ మీంచి లేచి, కింద ప్లాంటుకు మెట్లు రెండేసి దిగుతూ పరిగెత్తాడు. నేను వెనకాలే పోలేకపోయాను, మోకాళ్ళు. కిటికీలోంచి చూశాను. బాలమణి చేతులు పట్టుకుని ఊపేస్తున్నాడు. ఆమె సిగ్గుపడి చేతులు విడిపించుకోవాలని చూస్తోంది. నా వృత్తి జీవితంలో నేను చూసిన అతి సంతోషకరమైన దృశ్యం అదే.

సంతకం ఎవరు పెట్టాలి

పూర్తి వివరణతో పాటు ఆవిష్కర్తలు ఎవరో ప్రకటించే ఫారం వేస్తాం. మధ్యలో ఇంకెవరిదైనా ఆలోచన చేరితే ఆ పేరు అందులో చేర్చాలి. నేను కిరణ్ పేరు కింద బాలమణి పేరు రాసి మధుసూదన్ గారి బల్ల మీద పెట్టాను. గడువుకు తొమ్మిది రోజులుంది.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు.

"ఏంది మేడం గిది? కాంట్రాక్టు లేబర్ పేరు పేటెంట్ల పెడ్తరా? నవ్వుతరు మనుషులు. ఆమెకు ఏదన్న ఇనాం ఇస్త, మంచి చీర పెడ్త. పేరెందుకు?"

కిరణ్ లేచి నిలబడ్డాడు. "ఆమె పేరు లేకపోతే నా పేరు కూడా వద్దు సార్," అన్నాడు. ఉద్యోగంలో కొత్తవాడు, చెల్లెలి పెళ్ళి ఉంది. నేను ఈ మాట ఎప్పటికీ మరచిపోను.

నేను చట్టం చెప్పాను. నిజమైన ఆవిష్కర్త పేరు దాచి తెచ్చుకున్న పేటెంటు, ఆ సంగతి బయటపడిన రోజు నిలబడదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. కిరణ్ మీ ఉద్యోగి, కనిపెట్టింది కంపెనీకి చెందుతుందని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిచ్చాడు. బాలమణి మీ ఉద్యోగి కాదు. పదకొండేళ్ళుగా మీరే కాదన్నారు. కాబట్టి ఆమె ఆలోచన ఆమెదే. తన హక్కు మీకు రాసిస్తున్నానని ఆమె సంతకం పెడితే తప్ప, పేటెంటులో మీకు పూర్తి హక్కు లేదు.

మధుసూదన్ గారు నరహరి సార్‌కు ఫోన్ చేశారు, నా మీద ఫిర్యాదుకే. సమయం పదకొండు గంటలు, అంటే సార్‌కు కోపం ఉండే వేళ. అవతలి నుంచి వచ్చిన మాటలు నాకూ వినిపించాయి. "మధన్నా, ఆమె పేరు లేకుంటే నా సంతకం గూడ ఉండదు. ఇంకో ఏజెంటును సూస్కో." అంతే, పెట్టేశారు.

బాలమణిని పిలిపించారు. ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి. తలుపు దగ్గరే నిలబడింది. నేను కుర్చీ లాగాను. కూర్చోలేదు. "సంతకం పెట్టేవాళ్ళు కూర్చుని పెట్టాలి బాలమణీ, చట్టం," అన్నాను. చట్టంలో అలాంటిదేం లేదు. కూర్చుంది.

మధుసూదన్ గారు కాగితం ముందుకు జరిపి పెన్ను అందించారు. అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

"చూడు బాలమణీ. నేను మీ పెద్దసారు తరఫు మనిషిని. నాకు జీతం వచ్చేది ఆయన వల్ల. ఈ కాగితం మీద నువ్వు సంతకం పెడితే నీ హక్కు ఆయనకు పోతుంది. పెట్టాలో వద్దో నన్ను అడగకు. ఇంటికి తీసుకుపోయి, నీ వాళ్ళెవరికైనా చూపించి అడుగు."

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనం న్యాయమూర్తులం కాదు, ఒకరి పక్షం. అందులో సిగ్గేం లేదు. ఎవరి పక్షమో దాచడంలోనే సిగ్గు.

బాలమణి కాగితం మడిచి తీసుకుపోయింది. నాలుగు రోజులు ఏ కబురూ లేదు. డ్యూటీకి వస్తోంది, రెండు చెంచాలు వేస్తోంది, పోతోంది. మధుసూదన్ గారు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి, "ఏమంటది, ఎంత అడుగుతది," అని నన్ను చంపారు. బీపీ మందు తయారుచేసే ఫ్యాక్టరీలో యజమానికే బీపీ వచ్చేలా ఉంది.

ఐదో రోజు ఆమె తనంతట తనే గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. మేడిపల్లిలో వాళ్ళ గల్లీలో ఉండే పంతులమ్మ కాగితం నాలుగుసార్లు చదివి వివరంగా చెప్పిందట.

"పెద్దసారూ, నాకు ఇనాం వద్దు. నన్ను కంపెనీ రిజిస్టర్ల ఎక్కించుండ్రి. నాతోని చేసే ముగ్గురిని గూడ."

"నువ్వంటే సరే. ముగ్గురెందుకు?"

"నేను ఊరికి పోతే ఎవరు జూస్తరు? మల్ల బంకైతది. వాళ్ళ ముగ్గురికి నేర్పుత. కాంట్రాక్టోడు రేపు వాళ్ళను ఇంకో ఫ్యాక్టరీకి పంపితే, నేర్పింది గూడ వాళ్ళెంబడే పోతది గదా."

మధుసూదన్ గారు మంచి వ్యాపారి. ఈ మాటలోని లెక్క ఆయనకు వెంటనే అందింది. మొహం తేటపడింది. మొదట నవ్వింది ఆయనే. "నీతోని పెట్టుకుంటే కష్టమే తల్లీ," అన్నారు. ఆ సాయంత్రమే నలుగురికీ అపాయింట్‌మెంట్ లెటర్లు టైపయ్యాయి. బాలమణి ముందు అవి తీసుకుని, పంతులమ్మకు ఫోన్‌లో చదివించి, తర్వాత సంతకం పెట్టింది. కాగితాలు నేనే చెన్నైలోని ప్రభుత్వ పేటెంట్ ఆఫీసుకు తీసుకెళ్ళి, గడువు చివరి రోజు పొద్దున కౌంటర్ దగ్గర ముద్ర వేయించుకున్నాను. తిరుగు రైల్లో మసాలా దోసె రెండు తిన్నాను.

ఎన్నేళ్ళు ఉంటుంది

ఆ తర్వాత పేటెంట్ ఆఫీసు పరీక్షకుడి ప్రశ్నలు, మా జవాబులు, ఒక పెద్ద కంపెనీ అభ్యంతరం, చెన్నైలో వాదన, అన్నీ జరిగాయి. వాటిని వదిలేస్తున్నాను, అవి మీకూ జరుగుతాయి. పాత స్ఫటికాలు వేయడం అందరికీ తెలిసిందే అని అవతలివాళ్ళు అన్నారు. ఆ నలభై ఒకటికీ నలభై మూడుకీ మధ్య సందు మీకెవరికైనా తెలుసా అని మేం అడిగాం. తెలియదు. మేం గెలిచాం.

పేటెంటు చేతికి వచ్చేసరికి తెలంగాణ వచ్చి కొన్ని వారాలైంది. ఉప్పల్ రింగురోడ్డులో మెట్రో స్తంభాలకు ఇంకా గులాబీ రంగు అంటి ఉంది. నేను అప్పటికి ఉద్యోగం వదిలే ఆలోచనలో ఉన్నాను. ఆ కాగితాలు మాత్రం కొరియర్‌లో పంపబుద్ధి కాలేదు. ఆటో ఎక్కి నాచారం పోయాను.

బాలమణి అప్పటికి ఆ సెక్షన్ సూపర్‌వైజరు. నీలం కోటు వేసుకుంది. కింద ముగ్గురు కాదు, తొమ్మిది మంది. క్యాంటీన్‌లో కూర్చుని, ఆమె కోసం తీసిన నకలు కాగితాలు ముందు పెట్టాను. పై కాగితం కంపెనీ పేరు మీద ఉంటుంది, ఆవిష్కర్తల పేర్లు లోపల. నేను వేలు పెట్టి చూపించాను, కిరణ్ కింద రెండోది. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో రాయమంది. పెన్నుతో పక్కనే రాశాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆ పక్కనున్న చిరునామా కూడా చదివించుకుంది.

"గిది ఆంధ్రప్రదేశ్ అని ఉన్నదేంది మేడం? ఇప్పుడు తెలంగాణ గదా."

"అప్పుడు అదే కదా బాలమణీ."

"మీ తెనాలోళ్ళు గిట్లనే జేస్తరు," అని నా భుజం మీద చరిచింది. ఇద్దరం పక్క బల్లల వాళ్ళు తిరిగి చూసేలా నవ్వుకున్నాం.

కాసేపటికి ఆమె మళ్ళీ కాగితం వైపు చూసింది.

"ఎన్నేండ్లుంటది ఇది?"

"హక్కు ఇరవై ఏళ్ళు. మనం కాగితం వేసిన రోజు నుంచి లెక్క. ఏడేళ్ళు అయిపోయాయి."

"అయ్యో. మల్ల అటెన్క?"

"ఆ తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు. ఏ ఫ్యాక్టరీ అయినా, ఏ దేశమైనా."

"పెద్దసారును అడగొద్దా?"

"అక్కర్లేదు."

"నన్ను?"

"నిన్నూ అక్కర్లేదు."

చెప్పడానికి నాకే బాధనిపించింది. ఆమె చాయ్ గ్లాసు తిప్పుతూ ఆలోచించింది.

"పేరు?"

"పేరుకు గడువు లేదు. అది అలాగే ఉంటుంది."

బాలమణి లేచి నిలబడింది. లోపల బ్యాచ్ చల్లారుతోంది, చూసుకోవాలి. కాగితం నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంది.

"ఇంక పదమూడేండ్లా? కానియ్యుండ్రి మేడం," అంది. "అటెన్క ఏ దేశంల ఎవరు జేసినా, నేను జేసిందే జేస్తరు."